‘విముక్తి’ అనే మాట ఏ కాగితంలో ఉంది? అమెరికా తిరుగుబాటు కాలంలో బానిసలకు బ్రిటిష్ వాగ్దానాలు, 1775–1783: ఒక కేస్ స్టడీ

1783 ఏప్రిల్ 21న న్యూయార్క్‌లో కేటో రామ్‌సే అనే నల్లజాతి మనిషి చేతికి ఒక కాగితం వచ్చింది. అందులో ఉన్నది ఇంతే: ఇతను మాజీ బ్రిటిష్ సర్వసేనానులు సర్ విలియం హౌ, సర్ హెన్రీ క్లింటన్‌ల ప్రకటనలను బట్టి బ్రిటిష్ సైన్యం అధీనంలోని ప్రాంతానికి వచ్చాడు, నోవా స్కోషియాకు (నేటి కెనడా తూర్పు తీరం) గానీ, తనకు సబబనిపించిన మరో చోటికి గానీ వెళ్లడానికి ఇతనికి ఇప్పటి సర్వసేనాని సర్ గై కార్ల్‌టన్ అనుమతి ఉంది, బ్రిగేడియర్ జనరల్ బర్చ్ ఆజ్ఞ ప్రకారం. ‘ఇతను స్వతంత్రుడు’ అనే మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఈ కేసులో తూచవలసిన కాగితాలు మూడు. 1775 నాటి డన్‌మోర్ ప్రకటన, 1779 నాటి క్లింటన్ ప్రకటన, 1783 నాటి ఈ బర్చ్ సర్టిఫికెట్. స్వేచ్ఛ అనే మాట మొదటిదానిలోనే ఉంది, మిగతా రెంటిలో లేదు. కానీ ఫలితం తలకిందులు. ఆ మాట ఉన్న కాగితాన్ని నమ్మి వచ్చినవాళ్లలో ఎక్కువమంది చనిపోయారు. ఆ మాట లేని కాగితాల మీద వేలమంది ఓడలెక్కి బయటపడ్డారు. ఎందుకిలా జరిగిందో తెలియాలంటే ప్రకటనల గొప్పతనాన్ని పక్కనపెట్టి షరతులు, చేరే చోటు, కాగితాన్ని నిలబెట్టే అధికారి అనే మూడు విషయాలు చూడాలి.

మొదటి కాగితం: ఒకే వాక్యం, నాలుగు గేట్లు

వర్జీనియా చివరి రాచ గవర్నర్ జాన్ మర్రే, డన్‌మోర్ ప్రభువు. 1775 ఏప్రిల్‌లో విలియమ్స్‌బర్గ్ ఆయుధాగారం నుంచి రాత్రికి రాత్రే మందుగుండు తరలించాడు. జనం తిరగబడితే బానిసలను విడుదల చేసి ఊరు తగలబెడతానని బెదిరించాడు. జూన్‌లో కుటుంబంతో యుద్ధనౌక ఎక్కి పారిపోయాడు. నవంబర్ 7న నార్‌ఫోక్ దగ్గర ‘విలియం’ అనే ఓడ మీద సంతకం చేసిన ప్రకటనను వారం పాటు దగ్గరే ఉంచుకుని, కెంప్స్ ల్యాండింగ్ దగ్గర చిన్న గెలుపు దొరికాక బయటపెట్టాడు. అప్పటికి వర్జీనియా జనాభాలో సుమారు నలభై శాతం బానిసలే.

ఆ ప్రకటన ప్రధానంగా సైనిక శాసనం విధించడానికి వచ్చింది. బానిసల సంగతి చివర్లో ఒక్క వాక్యం. తిరుగుబాటుదారులకు చెందిన ఒప్పంద సేవకులు, నీగ్రోలు, ఇతరులు ఎవరైతే ఆయుధం పట్టగలిగి, పట్టడానికి సిద్ధపడి, వీలైనంత త్వరగా రాజు సైన్యంలో చేరతారో వారందరూ స్వతంత్రులని దాని అర్థం. (నీగ్రో అన్నది ఆ కాలపు పత్రాల్లోని మాట. మూలంలో ఉన్న చోట మాత్రమే ఇక్కడ వాడుతున్నాం.)

వాక్యాన్ని విడదీస్తే నాలుగు గేట్లు కనిపిస్తాయి. మొదటిది, యజమాని తిరుగుబాటుదారుడై ఉండాలి. రాజవిధేయుడి బానిసకు ఈ కాగితంతో పనిలేదు. రెండోది, ఆయుధం పట్టగల దేహం ఉండాలి. ముసలివాళ్లు, పిల్లలు, లెక్క ప్రకారం ఆడవాళ్లు దీని బయటే. మూడోది, మనసుంటే చాలదు, స్వయంగా వచ్చి చేరాలి. నాలుగోది, త్వరగా చేరాలి. బానిసత్వం తప్పన్న భావన ఆ వాక్యంలో లేదు. ఉండే వీలూ లేదు, డన్‌మోర్ స్వయంగా యాభై మందికి పైగా బానిసలకు యజమాని. అతనికి కావలసింది సైనికులు, దాంతోపాటు తోటల యజమానుల గుండెల్లో గుబులు.

ఈ ప్రకటనతోనే బానిసలకు స్వేచ్ఛ మీద ఆశ పుట్టిందని రాసేవాళ్లు క్రమాన్ని తారుమారు చేస్తున్నారు. 1772 జూన్‌లో లండన్‌లో మాన్స్‌ఫీల్డ్ న్యాయమూర్తి సోమర్‌సెట్ కేసులో తీర్పు ఇచ్చాడు. బానిసను బలవంతంగా ఇంగ్లండ్ నుంచి ఓడెక్కించి పంపే హక్కు యజమానికి లేదన్నది దాని సారం. ఆ కబురు ఏడాది రెండేళ్లలో వర్జీనియా బానిసలకు చేరిందనడానికి పరారీ ప్రకటనలే సాక్ష్యం. తన మనిషి ఇంగ్లండ్ వెళ్లే ఓడ కోసం చూస్తున్నాడని యజమానులే పత్రికల్లో అచ్చువేయించారు. 1775లో కొందరు బానిసలు ప్రకటనకు ముందే డన్‌మోర్ ఓడల దగ్గరికి వచ్చారు. వాళ్లు ముందు నడిచారు, కాగితం వెనక వచ్చింది.

నెల తిరగకుండానే సుమారు మూడు వందల మంది చేరారు. వారితో ‘ఇథియోపియన్ రెజిమెంట్’ ఏర్పడింది. వారి దుస్తుల మీద ‘బానిసలకు స్వేచ్ఛ’ అని రాసి ఉందని నాటి పత్రికలు చెప్పాయి. మొత్తం మీద డన్‌మోర్‌ను చేరినవారు ఎనిమిది వందల నుంచి రెండు వేల దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. ఆయుధం పట్టేవాళ్లే రావాలని కాగితం అన్నా, ఆడవాళ్లు, పిల్లలు కూడా చిన్న పడవల్లో, చీకట్లో, వాగుల వెంట వచ్చారు. రెండో గేటును వాళ్లు లెక్కచేయలేదు.

ఎక్కడ చెడింది: నేల లేని విముక్తి

డన్‌మోర్ ఇచ్చిన మాటకు వెనక స్థిరమైన భూమి లేదు, అన్నిటికన్నా పెద్ద లోపం ఇదే. డిసెంబర్ 9న గ్రేట్ బ్రిడ్జ్ దగ్గర చిత్తడి నేల మధ్య సన్నటి కట్ట మీదుగా బ్రిటిష్ సైనికులను ఎదురుగా నడిపించారు. కెప్టెన్ ఫోర్డైస్ సహా పలువురు నేలకూలారు, పోరు కాసేపట్లో ముగిసింది. ఆ తర్వాత నార్‌ఫోక్ చేజారింది. 1776 జనవరి 1న ఊరు మంటల్లో చిక్కింది. అక్కడి నుంచి ఆశ్రయమంటే ఓడలే. కిక్కిరిసిన ఓడలు, చాలని మంచినీళ్లు, సరిపోని తిండి.

అలాంటి చోట మశూచి పడింది. బ్రిటన్‌లో పుట్టిన సైనికుల్లో ఎక్కువమందికి చిన్నప్పుడే మశూచి వచ్చి తగ్గి ఉండేది, మళ్లీ సోకదు. వర్జీనియాలో చెసపీక్ అఖాతం చుట్టుపక్కల పల్లెల్లో తోటల మీద విడివిడిగా పెరిగిన నల్లవారిలో చాలామందికి ఆ రోగం అంతకుముందు తగలలేదు. ఒకే ఓడలో, ఒకే గాలిలో ఉన్నా చావులు ఒకవైపే పడ్డాయి.

1776 వసంతంలో టక్కర్స్ పాయింట్ దగ్గర మశూచి ఎక్కించడం మొదలుపెట్టారు. జెన్నర్ టీకా ఇంకా ఇరవై ఏళ్ల దూరంలో ఉంది. అప్పటి పద్ధతిలో రోగి పొక్కు నుంచి తీసిన చీమును ఆరోగ్యవంతుడి చర్మం మీద గాటు పెట్టి ఎక్కిస్తారు. తేలికపాటి మశూచి వచ్చి తగ్గుతుంది. అయితే దీనికి రెండు నియమాలున్నాయి: ఎక్కించుకున్నవాళ్లను కొన్ని వారాల పాటు విడిగా ఉంచాలి, ఎందుకంటే వాళ్ల నుంచి ఇతరులకు అసలు మశూచే అంటుకుంటుంది, ఆ రోజుల్లో వాళ్లకు మంచి తిండి, విశ్రాంతి కావాలి. రెండింటిలో ఏదీ అక్కడ కుదరలేదు. మే చివర్లో గ్విన్స్ ఐలండ్‌కు మకాం మార్చారు. జైలు జ్వరంగా పిలిచే టైఫస్ కూడా తోడైంది. జూన్‌లో డన్‌మోర్ లండన్‌కు రాసిన లేఖలో ఈ రోగమే లేకపోతే తన దగ్గర రెండు వేలమంది నల్లవారు ఉండేవారని వాపోయాడు. జూలై 9న తిరుగుబాటు సేనాని ఆండ్రూ లూయిస్ ఫిరంగులు మోగడంతో దీవి ఖాళీ చేశారు. తర్వాత అక్కడ అడుగుపెట్టిన వర్జీనియా సైనికులు పూడ్చని శవాలను, ఆకుల గుడిసెల్లో వదిలేసిన రోగులను చూశారు. ఆగస్టులో చెసపీక్ విడిచిన ఓడల్లో మిగిలిన నల్లవారు దాదాపు మూడు వందలు.

ఎదుటి పక్షం ఊరుకోలేదు. 1775 డిసెంబర్ 14న తిరుగుబాటుదారుల సభ అయిన వర్జీనియా సదస్సు ఒక ప్రకటన చేసింది. తిరగబడిన బానిసలకు మరణశిక్ష చట్టంలో ఉందని గుర్తుచేసి, ఆయుధాలు దించి తిరిగొస్తే క్షమిస్తామంది. పడవలకు కాపలా పెట్టారు, రాత్రి గస్తీ పెంచారు. పట్టుబడిన కొందరిని వెస్టిండీస్‌కు అమ్మేశారు. పత్రికలు బానిసలకే నేరుగా హెచ్చరికలు రాశాయి: డన్‌మోర్ మగవాళ్లనే పిలుస్తున్నాడు, మీ ఆలుబిడ్డల గతేమిటి? రాసినవాళ్ల ఉద్దేశం ఏదైనా, ప్రకటనలోని రెండో గేటును వాళ్లు సరిగ్గానే పట్టుకున్నారు. జార్జి వాషింగ్టన్ ఎస్టేట్ చూసే లుండ్ వాషింగ్టన్ మాత్రం 1775 డిసెంబర్ లేఖలో ఉన్నమాట ఒప్పుకున్నాడు. తప్పించుకోగలమని నమ్మితే వీళ్లలో మనల్ని వదిలి వెళ్లనివాడు ఒక్కడూ ఉండడని, స్వేచ్ఛ తియ్యనిదని రాశాడు.

తిరుగుబాటు పక్షం చేసిన సొంత ప్రయత్నాలు రెండు చెప్పుకోవాలి. 1778 ఫిబ్రవరిలో రోడ్ ఐలండ్ శాసనసభ, సైన్యంలో చేరిన బానిసకు తక్షణ విముక్తి, యజమానికి 120 పౌండ్ల వరకు పరిహారం అని నిర్ణయించింది. నాలుగు నెలలకే కొత్త చేరికలు ఆపాలని తీర్మానించింది. 1779 మార్చి 29న అమెరికా కాంగ్రెస్ దక్షిణ కరోలినా, జార్జియాలకు మూడు వేలమంది నల్ల సైనికులను సమీకరించమని సిఫారసు చేసింది. యజమానికి వెయ్యి డాలర్ల దాకా, యుద్ధం చివర ఆయుధం అప్పగించిన సైనికుడికి విముక్తి, 50 డాలర్లు. ఈ పథకం కోసం పట్టుబట్టిన యువ సైనికాధికారి జాన్ లారెన్స్ ఎంత తిరిగినా దక్షిణ కరోలినా ఒప్పుకోలేదు. వర్జీనియా 1780లో దీనికి పూర్తిగా ఎదురుదారి పట్టింది: యుద్ధం ముగిసేదాకా పనిచేసే తెల్ల సైనికుడికి మూడు వందల ఎకరాలతో పాటు ఒక బానిసను బహుమానంగా ప్రకటించింది.

రెండో కాగితం: ఆయుధం ఊసు లేకుండా

1779 జూన్ 30న బ్రిటిష్ సర్వసేనాని హెన్రీ క్లింటన్ న్యూయార్క్‌కు ఉత్తరాన ఫిలిప్స్‌బర్గ్‌లో మరో ప్రకటన చేశాడు. చాలామంది దీన్ని డన్‌మోర్ మాటకు పొడిగింపుగా చెబుతారు. పాఠం చదివితే వేరేగా కనిపిస్తుంది. మొదటి భాగం కఠినం: తిరుగుబాటు సైన్యంలో పనిచేస్తూ దొరికిన నల్లవారిని నిర్ణీత ధరకు ప్రభుత్వం కొంటుంది, డబ్బు పట్టుకున్నవారికి. రెండో భాగం: తిరుగుబాటుదారుడి ఆస్తి అయి సైన్యం ఆశ్రయానికి వచ్చిన నీగ్రోను ఎవరూ అమ్మరాదు, హక్కు చెప్పరాదు. మూడో భాగం: శత్రువును వదిలి వచ్చిన ప్రతి నీగ్రోకూ మా పరిధిలో తనకు నచ్చిన పని చేసుకునేందుకు పూర్తి రక్షణ.

స్వేచ్ఛ అన్న మాట లేదు. కానీ ఆయుధం పట్టాలన్న షరతూ లేదు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు లోపలికి రావడానికి దారి తెరుచుకుంది. ఇంకా ముఖ్యంగా, దీని వెనక న్యూయార్క్ ఉంది. 1776 నుంచి 1783 దాకా చేతులు మారని రేవు నగరం అది. వడ్రంగికి, చాకలి పని చేసే ఆడమనిషికి, బండి తోలేవాడికి అక్కడ కూలి దొరికింది. ఓడల మీద తేలిన డన్‌మోర్ వాగ్దానానికి లేనిది ఇదే.

ఒక్క గేటు మాత్రం కదల్లేదు. యజమాని తిరుగుబాటుదారుడే అయి ఉండాలి. 1780లో దక్షిణ కరోలినా రేవు చార్ల్స్‌టన్ లొంగాక బ్రిటిష్ వాళ్లు రాజవిధేయుల బానిసలను వెతికి వెనక్కి అప్పగించారు. తిరుగుబాటుదారుల తోటలు జప్తు చేసి, అక్కడి బానిసలను అక్కడే పంట పనిలో ఉంచారు. 1782 డిసెంబర్‌లో చార్ల్స్‌టన్ ఖాళీ చేసినప్పుడు వెళ్లిన ఐదు వేల పైచిలుకు నల్లవారిలో ఎక్కువమంది రాజవిధేయ యజమానుల బానిసలుగానే వెళ్లారు. వెళ్లినవాళ్లందరినీ విముక్తుల ఖాతాలో వేసే లెక్కలు ఇక్కడే దెబ్బతింటాయి.

బ్రిటిష్ సైన్యం 1781లో లొంగిపోయిన వర్జీనియా ఊరు యార్క్‌టౌన్ కథ ఇంకా చేదు. మన సీమల్లో శాశ్వత శిస్తుతో ముడిపడ్డ కార్న్‌వాలిస్సే అక్కడి సేనాని. అతని సైన్యం వెంట వేలమంది నల్లవారు నడిచారు. కందకాలు తవ్వారు, మేత మోశారు. 1781 జూలైలో జనరల్ లెస్లీ, మశూచి సోకిన ఏడు వందల మందిని తిరుగుబాటుదారుల తోటల చుట్టూ వదలబోతున్నట్టు కార్న్‌వాలిస్‌కు రాశాడు. ముట్టడిలో తిండి తరిగేసరికి నల్లవారిని కోట బయటికి వెళ్లగొట్టారు. అక్టోబర్ 19న లొంగుబాటు పత్రంలోని నాలుగో క్లాజు, అమెరికన్ల ఆస్తి కనబడితే తిరిగి తీసుకోవచ్చంది. ఆస్తి అంటే మనుషులు కూడా.

మూడో కాగితం: ఏడో క్లాజు, ఒక సత్రం, ఒక రిజిస్టర్

1782 నవంబర్ 30న పారిస్‌లో తాత్కాలిక సంధి. చివరి ఘడియలో అమెరికా ప్రతినిధి, జాన్ లారెన్స్ తండ్రి హెన్రీ లారెన్స్ ఏడో క్లాజులో ఒక మాట చేర్పించాడు: బ్రిటిష్ సైన్యం వెళ్లేటప్పుడు నీగ్రోలను గానీ ఇతర ఆస్తిని గానీ తీసుకుపోరాదు. ఈ హెన్రీ లారెన్స్ ఒకప్పుడు చార్ల్స్‌టన్‌లో బానిసల వర్తకుడు. ఎదురుగా కూర్చున్న బ్రిటిష్ ప్రతినిధి రిచర్డ్ ఆస్వాల్డ్‌కు పశ్చిమ ఆఫ్రికాలో సియెరా లియోన్ నదిలోని బన్స్ ఐలండ్ బానిసల కోటలో వాటా ఉండేది, అక్కడి సరుకును చార్ల్స్‌టన్‌లో అమ్మిపెట్టినవాడు ఈ లారెన్సే.

ఈ కబురుకు న్యూయార్క్ నల్లవారు ఎంత వణికారో వాళ్లలో ఒకడైన బోస్టన్ కింగ్ తన జ్ఞాపకాల్లో రాశాడు. వర్జీనియా, కరోలినాల నుంచి యజమానులు దిగి, వీధుల్లో, పక్కల మీద నుంచి కూడా మనుషులను పట్టుకుపోయారని, కొన్ని రోజులు తిండి, నిద్ర కరవయ్యాయని.

గై కార్ల్‌టన్ క్లాజును చదివిన తీరు ఈ కేసులో మలుపు. 1783 మే 6న టాపాన్ దగ్గర వాషింగ్టన్‌తో సమావేశంలో అతని వాదన ఇది: సంధి నాటికి ముందే మా ప్రకటనల కింద వచ్చినవాళ్లు అప్పటికే ఎవరి ఆస్తీ కారు, కాబట్టి క్లాజు వాళ్లకు వర్తించదు, ఇచ్చిన మాట ఏ రంగువాళ్లకైనా నిలబెట్టుకోవాలి, ఒకవేళ మా నిర్ణయం తప్పని తేలితే యజమానులకు పరిహారం కట్టేందుకు వీలుగా రిజిస్టర్ రాస్తున్నాం. క్లింటన్ కాగితంలో లేని స్వేచ్ఛను కార్ల్‌టన్ ఈ వ్యాఖ్యానంతో అందులోకి తెచ్చాడు. అప్పటికే మొదటి ఓడలు వెళ్లిపోయాయని విని వాషింగ్టన్ నివ్వెరపోయాడు.

ఆచరణ ఇలా సాగింది. 1782 నవంబర్ 30కి ముందే బ్రిటిష్ పరిధిలో ఉన్నట్టు చూపినవారికి బర్చ్ సర్టిఫికెట్. వివాదాలుంటే మే నుంచి నవంబర్ దాకా బుధవారం బుధవారం ఫ్రాన్సెస్ టావెర్న్ అనే సత్రంలో విచారణ. బ్రిటిష్ అధికారులతో పాటు అమెరికా ప్రతినిధులూ కూర్చునేవారు. యజమాని రాజవిధేయుడని తేలినా, వచ్చిన తేదీ ఆలస్యమైనా మనిషిని తిరిగి అప్పగించేవారు. ఓడ కదిలే ముందు మళ్లీ తనిఖీ.

ఆ తనిఖీ ఫలితమే ‘బుక్ ఆఫ్ నీగ్రోస్’ అనే రిజిస్టర్. మూడు వేల పేర్లు: 1336 మగవాళ్లు, 914 ఆడవాళ్లు, 750 పిల్లలు. ఒక ప్రతి లండన్ శివారు క్యూలో, మరొకటి వాషింగ్టన్‌లో జాతీయ పత్రాగారాల్లో ఉన్నాయి. కాలమ్‌లు వరసగా ఓడ, కెప్టెన్, గమ్యం, పేరు, వయసు, పోలికలు, హక్కుదారు, అతని ఊరు, ప్రస్తుతం ఎవరి దగ్గర ఉన్నదీ, చివర ఇతర వివరాలు. దీనితో పనిచేసేవారు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

హక్కుదారు కాలమ్ ఖాళీగా ఉంటే యజమాని లేడని కాదు, తనిఖీకి ఎవరూ రాలేదని. అసలు యజమాని పేరు చివరి కాలమ్‌లో దొరుకుతుంది. అక్కడి ‘జీబీసీ’ అంటే జనరల్ బర్చ్ సర్టిఫికెట్. ‘స్టౌట్’ అంటే లావు కాదు, బలిష్ఠుడని. ‘వోర్న్ అవుట్’ అంటే పనికి అరిగిపోయిన మనిషి అని. ఆ పోలికలన్నీ కొనుగోలుదారుడి కంటితో రాసినవే, ఎందుకంటే రేపు పరిహారం లెక్కగట్టాల్సి వస్తే వాటితోనే వెల తేల్చాలి. స్వేచ్ఛకు పోతున్న మనుషుల్ని చివరిసారిగా సరుకుల భాషలో నమోదు చేసిన పుస్తకం ఇది. పుటలు తిప్పేటప్పుడు ఆ సంగతి గుండెకు తగలకుండా ఉండదు.

‘ఇన్నేళ్ల కిందట వదిలి వచ్చాడు’ అన్న అంకెను 1783 నుంచి తీసేస్తే వచ్చిన ఏడాది తెలుస్తుంది. ఏడేళ్లంటే 1776, డన్‌మోర్ కాలం. నాలుగేళ్లంటే 1779. కానీ ఈ అంకెను ఒంటరిగా నమ్మకూడదు, యజమాని పక్క కాగితంతో పోల్చాలి. జార్జి వాషింగ్టన్ ఎస్టేట్ మౌంట్ వెర్నన్ నుంచి పోయినవాళ్ల విషయంలో ఆ అవకాశం ఉంది. 1781 ఏప్రిల్‌లో ‘శావేజ్’ అనే బ్రిటిష్ యుద్ధనౌక ఎక్కిన పదిహేడు మంది జాబితా లుండ్ వాషింగ్టన్ రాశాడు. అందులో డెబోరా, వయసు సుమారు పదహారు. రెండేళ్ల తర్వాత రిజిస్టర్‌లో డెబోరా స్క్వాష్, ఇరవై ఏళ్లు, జనరల్ వాషింగ్టన్ బానిస, నాలుగేళ్ల కిందట వచ్చింది. వయసూ సరిపడదు, ఏడాదీ సరిపడదు. సంఘటన జరిగినప్పుడే రాసిన జాబితాకే ఇక్కడ మొగ్గాలి.

హ్యారీ వాషింగ్టన్ సంగతి ఇంకా చిక్కు. రిజిస్టర్‌లో నలభై మూడేళ్లు, ఏడేళ్ల కిందట వచ్చాడని ఉంది. 1781 జాబితాలోనూ గుర్రాలు చూసే హ్యారీ అనే నలభై ఏళ్ల మనిషి ఉన్నాడు. ఇద్దరు హ్యారీలా, ఒక్కడేనా అన్నది వయసును పట్టుకుంటే ఒకలా, ఏళ్లను పట్టుకుంటే మరొకలా తేలుతుంది. పేరొక్కటి కలిసిందని ఇద్దరి కథలను అతికించరాదు.

అలాగే యుద్ధకాలంలో వర్జీనియా గవర్నర్‌గా ఉన్న జెఫర్సన్ 1788లో చెప్పిన, వర్జీనియా ఒక్క ఏడాదిలో 30 వేలమంది బానిసలను కోల్పోయిందన్న అంకె. పుస్తకం తర్వాత పుస్తకం దాన్ని మోసుకొచ్చింది. దాని వెనక ఏ జాబితా లేదు. యుద్ధం మొత్తంలో, అన్ని కాలనీల నుంచి బ్రిటిష్ వైపు పోయినవాళ్లు సుమారు 20 వేలు ఉంటారని ఇప్పటి పరిశోధకులు చెప్పే అంకె.

రేవు దిగాక

నోవా స్కోషియాలో షెల్బర్న్ పక్కన బర్చ్ పేరుతోనే బర్చ్‌టౌన్ వెలిసింది. 1784 లెక్కలో 1521 మంది. భూమి మాత్రం ఆలస్యంగా, కొద్దిమందికే, రాళ్ల నేలలో దక్కింది. ఆ జూలైలోనే, తక్కువ కూలికి పనిచేస్తున్నారని తెల్ల మాజీ సైనికులు షెల్బర్న్‌లో నల్లవారి ఇళ్లు కూల్చారు. బ్రిటిష్ సైన్యంలోని బ్లాక్ పయనీర్స్ దళంలో సార్జెంటుగా చేసిన థామస్ పీటర్స్ 1791లో లండన్ దాకా వెళ్లి అర్జీ పెట్టాడు. ఫలితంగా 1792 జనవరిలో పదిహేను ఓడల్లో దాదాపు 1190 మంది హాలిఫాక్స్ నుంచి సియెరా లియోన్‌కు బయల్దేరి ఫ్రీటౌన్ కట్టారు. కొత్త ఊరు ఒకప్పుడు ఆస్వాల్డ్ కోటగా ఉన్న బన్స్ ఐలండ్‌కు దిగువన, అదే నది ముఖద్వారంలో ఉంది. అప్పటికింకా ఆ కోటలో బానిసల వ్యాపారం సాగుతూనే ఉంది.

శిస్తు ఉండదన్న మాట మీద ఓడెక్కినవాళ్లను, ఆ వలసను నడిపే సియెరా లియోన్ కంపెనీ శిస్తు కట్టమంది. 1800లో కొందరు తిరగబడ్డారు, అణచివేశారు. సైనిక విచారణలో దేశబహిష్కారం పడినవాళ్లలో హ్యారీ వాషింగ్టన్ ఒకడు. అరవై ఏళ్ల వయసులో అతన్ని నది అవతలి బుల్లోం తీరానికి పంపేశారు.